జిగురోళ్ళింట్లో పథ్యం

నల్లమెట్టలో జిగురోళ్ళ ఇల్లు కనుక్కోవడం చాలా తేలిక. ఇంటి గోడ మీద "ఇది ఇల్లు" అని కాగితం అంటించి ఉంటుంది. తలుపు మీద "తలుపు" అని ఉంటుంది. కిటికీ మీద "ఇది తలుపు కాదు" అని ఉంటుంది. పెరట్లో గేదె నడుం మీద "గేదె" అని ఉంటుంది. వాన పడి ఆ చీటీ ఊడిపోయిన రోజున ఇంటిల్లిపాదీ గేదె కోసం ఊరంతా వెతుకుతారు. గేదె వాళ్ళ వెనకాలే తిరుగుతుంది.

ఆ ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు పానకాలు, రెండోవాడు ఏడుకొండలు, ఆఖరివాడు శేషయ్య. గోడలకి సినిమా పోస్టర్లు అంటించడం వాళ్ళ పని. పొద్దున్నే మైదాపిండి ఉడకేసి, బకెట్ నిండా జిగురు కాచుకుని, నిచ్చెన భుజానేసుకుని బయల్దేరతారు. ఊళ్ళో అందరికంటే తెలివైనవాళ్ళం మేమేనని వాళ్ళకి గట్టి నమ్మకం.

"జనం విన్నది మర్చిపోతారు. మనం అట్టా కాదు, అంటించుకుంటాం" అనేవాడు ఏడుకొండలు మీసం దువ్వుతూ.

పానకాలు భార్య నాంచారమ్మ కాపరానికొచ్చిన కొత్తలో కాస్త తెలివితక్కువగా ఉండేది. చీటీ చూడకుండానే ఉప్పేదో పంచదారేదో కనిపెట్టేసేది. ఏడాది తిరక్కముందే ఆమె కూడా వాళ్ళంత తెలివైనదైపోయింది.

ఇలా హాయిగా సాగుతుండగా పానకాలుకి కడుపు చెడింది. తిన్నది ఒంటబట్టదు. పొట్ట ఉబ్బరం, నొప్పి, రోజుకి ఏడెనిమిదిసార్లు చెంబు పట్టుకుని పరుగు. ఆరు నెలల్లో చిక్కి శల్యమయ్యాడు. నిచ్చెన ఎక్కితే కాళ్ళు వణుకుతున్నాయి. చివరికి తమ్ముళ్ళిద్దరూ అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆవిడ పరీక్షలన్నీ చేయించి, కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "పానకాలూ, నీ పేగుకి గోధుమ పడదు. గోధుమలో గ్లూటెన్ అని జిగురు పదార్థం ఒకటుంటుంది. అది చిటికెడు లోపలికెళ్ళినా నీ పేగు పాడవుతుంది. జన్మంతా మానెయ్యాలి. పేగు కుదుటపడేదాకా పాలు, ఉల్లి, వెల్లుల్లి, శనగపప్పు, మసాలాలు కూడా ఆపాలి."

"జిగురు సంగతి మాకు చెప్పాలా అమ్మా!" అన్నాడు శేషయ్య గర్వంగా.

డాక్టరమ్మ కాగితం మీద తినకూడనివన్నీ రాసింది. ముందువైపు చోటు అయిపోయింది. తిప్పి, తినాల్సినవన్నీ వెనకవైపు రాసింది. ఆవిడ తిప్పుతున్నప్పుడు ముగ్గురూ తలలెత్తి ఫ్యాను చూస్తున్నారు, దాని మీద "ఫ్యాను" అని ఎవరూ అంటించలేదేమిటా అని.

"ఇప్పుడు నలభై నాలుగు కిలోలున్నావు. మూడు వారాల్లో రెండు కిలోలు పెరగాలి. పెరక్కపోతే పెద్దాసుపత్రిలో చేర్పించి సూదులు వెయ్యాల్సిందే" అంది.

ముప్ఫై అడుగుల నిచ్చెన మీద ఒంటికాలితో నిలబడే పానకాలు, సూది పేరు వినగానే కళ్ళు తేలేశాడు. "పెరుగుతానమ్మా, ఎట్టాగైనా పెరుగుతాను" అని దణ్ణం పెట్టాడు. గుమ్మం దాటుతూ, "ఈ పూటకేం తినమంటారమ్మా?" అని అడిగాడు. "ఈ పూటకి రెండు ఇడ్లీలు తిను" అందావిడ.

ఇంటికి రాగానే ఏం చేశారు? కాగితం వెనకవైపంతా బకెట్లో జిగురు పూసి, వంటింటి గోడకి అంటించేశారు. ఎక్కడా బుడగ లేకుండా చేత్తో అదిమారు. పనిలో వాళ్ళకి వంక పెట్టే పని లేదు. ఇంకేముంది, తినాల్సినవన్నీ గోడ పాలయ్యాయి, తినకూడనివన్నీ వాళ్ళ కళ్ళెదుట నిలిచాయి.

శేషయ్య గొంతెత్తి చదివాడు. గోధుమ వద్దు, మైదా వద్దు, రవ్వ వద్దు, సేమియా వద్దు, పాలు వద్దు, ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు... అలా కిందదాకా వద్దులే. అట్టడుగున, ఒకేసారి కడుపు నిండా తినరాదు, సగం కడుపుకే తినాలి అని ఉంది.

"మరి అన్నం పెట్టొచ్చా?" అంది నాంచారమ్మ.

"అన్నం పెట్టమని రాసుందా వదినా?" అన్నాడు శేషయ్య.

"లేదు. వద్దని కూడా లేదు."

"రాసినవి తినకూడదు. రాయనివి తినొచ్చని ఎక్కడన్నా రాసుందా?"

లేదు. నాంచారమ్మ రెండుసార్లు వెతికింది. డాక్టరమ్మ నోటితో చెప్పింది రెండు ఇడ్లీలు. అంతే, పూటకి రెండు ఇడ్లీలని ఖాయమైపోయింది.

ఇక ఇంట్లో గోధుమ ఉండకూడదని తీర్మానించారు. పారేస్తే పాపం కదా! ఐదు కిలోల గోధుమపిండి, రెండు పొట్లాల సేమియా, ఒక రవ్వ సంచీ, డబ్బాడు బిస్కెట్లు. తమ్ముళ్ళిద్దరూ, వదినా కలిసి రెండు రోజులపాటు కూర్చుని తిన్నారు. పానకాలుని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు.

"చూడన్నయ్యా, నీ శత్రువులందర్నీ మేం మింగేస్తున్నాం" అన్నాడు ఏడుకొండలు నాలుగో పూరీ చుడుతూ.

"నా కోసం ఎంత కష్టపడుతున్నార్రా!" అని పానకాలు కళ్ళు తుడుచుకున్నాడు. నోరు కూడా తుడుచుకున్నాడు, ఊరుతోంది మరి.

మూల నిలబెట్టిన మైదా బస్తా నాంచారమ్మ కంటబడింది. "మరి దీని సంగతేంటి?"

"అది తిండి కాదు వదినా, జిగురు సామాను" అని నవ్వాడు శేషయ్య. "జిగురెవరన్నా తింటారా?"

సరే, సగం కడుపు మాట. నాంచారమ్మ బొగ్గుముక్క తీసుకుని మొగుడి పొట్ట మధ్యలో నిలువుగా గీత గీసింది. కుడివైపు ఇడ్లీకి, ఎడమవైపు ఖాళీకి. ఇడ్లీ గీత దాటకుండా ఉండాలని అతన్ని కుడివైపు తిరిగి పడుకునే తినమంది. తిన్నాక కూడా గంటసేపు కదలనివ్వలేదు. పానకాలు ఒకరోజు తుమ్మాడు. "దాటిపోయుంటది" అని ఆ పూట రెండో ఇడ్లీ ఆపేసింది.

ఇంతలో ఏడుకొండలుకి ఇంకో తెలివి పుట్టింది. "ఇడ్లీలో గోధుమ లేదని మనకి తెలుసు. తినే అన్నయ్యకి ఎట్టా తెలుస్తది? బెంగపడడూ?"

అంతే. శేషయ్య కాగితాలు చిన్నచిన్నగా చింపి, ఒక్కోదాని మీద "గోధుమ లేదు" అని రాశాడు. ఏడుకొండలు బకెట్లో బ్రష్ ముంచి, ఒక్కో ఇడ్లీకి ఒక్కో చీటీ అంటించాడు. మంచినీళ్ళ గ్లాసు అంచుకీ అంటించాడు. మైదా జిగురు పట్టుకుంటే వదలదు. చీటీ ఊడొచ్చినంత ఊడొచ్చేది, మిగతాది పానకాలు నమిలి మింగేవాడు.

ఇంకేముంది! కడుపునొప్పి రెండింతలైంది. చెంబుకి తీరిక లేదు.

"జబ్బు ముదిరింది. ఒక్క చీటీ చాలేట్టు లేదు" అన్నాడు శేషయ్య. ఇడ్లీకి రెండు చీటీలయ్యాయి. నొప్పి ఇంకా పెరిగింది. మూడయ్యాయి. చివరికి పళ్ళెంలో ఇడ్లీ కనపడటం మానేసింది, చదువు మాత్రం బోలెడు కనపడేది. ఆ ఇంట్లో ఇంతమంది ఇంత సేవ చేశారు గానీ, "నీకు ఆకలేస్తోందా?" అని ఒక్కరూ అడగలేదు. అడగమని గోడ మీద లేదు కదా!

మూడు వారాలు గడిచాయి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున్నే బియ్యం మిల్లుకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెట్టారు. నలభై ఒకటి!

పానకాలు అక్కడే కూలబడిపోయాడు. "నన్ను పెద్దాసుపత్రిలో పడేస్తారా? సూదులేస్తారా?"

"ఏడవకన్నయ్యా. బరువు పెరగాలందిగానీ, ఏం పెట్టి పెంచాలో చెప్పిందా?" అన్నాడు ఏడుకొండలు. ఇంటికి పరుగెత్తి, రుబ్బురోలు పొత్రం తెచ్చి, తువ్వాలులో చుట్టి అన్నగారి నడుముకి కట్టాడు. మళ్ళీ నిలబెట్టారు. నలభై తొమ్మిది! ముగ్గురూ కావలించుకున్నారు. "ఒక్క పూటలో ఎనిమిది కిలోలురా!" అని పానకాలు కూడా ఆశ్చర్యపోయాడు.

డాక్టరమ్మ అతన్ని చూసి కుర్చీలోంచి లేచింది. బుగ్గలు లోపలికిపోయాయి, నడుము ముందుకి వేలాడుతోంది. కాటా మీద నిలబెట్టి అంకె చూసింది, మనిషిని చూసింది, చొక్కా ఎత్తి చూసింది. తువ్వాలు విప్పేసరికి పొత్రం ధబేల్మని కిందపడింది.

"అయ్యో, ఎనిమిది కిలోలూ తగ్గిపోయాడు!" అని శేషయ్య నెత్తి బాదుకున్నాడు.

"అసలీయనకేం పెడుతున్నారయ్యా మీరు?" అని అరిచిందావిడ.

"రెండు ఇడ్లీలు, ఆరు చీటీలండీ" అన్నాడు ఏడుకొండలు వినయంగా.

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది నోటిమాటతో తేలేది కాదని వాళ్ళతోపాటు ఆటో ఎక్కి ఇంటికొచ్చింది. వంటింటి గోడ చూసింది. తన రాతే, చక్కగా అంటుకుని ఉంది.

"వెనకవైపు చదివారా?" అంది అనుమానంగా.

తమ్ముళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుని బయటికి పరుగెత్తారు. ఇల్లు చుట్టి, గోడ వెనక్కి వెళ్ళి, రొప్పుతూ తిరిగొచ్చారు. "వెనకవైపు ఏమీ లేదమ్మా, పిడకలున్నాయి."

"గోడ వెనక కాదయ్యా! కాగితం వెనక!"

"అదా! అట్టా చెప్పండి" అంటూ ఏడుకొండలు గునపం తెచ్చాడు. "మీరు అవతల నిలబడండమ్మా. ఇక్కణ్ణించి గోడ తవ్వేస్తాం, అటునుంచి మీకు కాగితం వెనకవైపు కనపడుద్ది."

డాక్టరమ్మ గునపానికి అడ్డం పడింది. అప్పుడే ఆవిడ చూపు బకెట్ మీద పడింది. ఆ తర్వాత పక్కనే పళ్ళెంలో ఉన్న చీటీల ఇడ్లీల మీద పడింది. ఇక ఆవిడకి కోపం ఆగలేదు. "మైదా జిగురా ఇది? దీంతోనా ఇడ్లీలకి అంటించారు? మైదా అంటే గోధుమే కదయ్యా! మూడు వారాలుగా ఈ మనిషికి విషం పెట్టి, దానిమీద విషం లేదని రాశారే!"

"జిగురు తిండెట్టా అవుతుందమ్మా?" అన్నాడు శేషయ్య, అమాయకంగానే.

"అవుతుంది! బస్తా ఇప్పుడే బయటికి పంపెయ్యండి, బకెట్ కడగండి. ఇక ఈయన నోటికి జిగురు తగిలిందో, మీ ముగ్గుర్నీ ఆసుపత్రిలో చేర్పిస్తాను. విన్నారా?"

"విన్నాం."

ఆవిడ ఇంకో కాగితం తీసి, ఈసారి ఒకవైపే, పెద్ద అక్షరాలతో రాసింది: అన్నం మెత్తగా వండి, ఉప్పు వేసి, పెసరకట్టుతో పెట్టండి. రోజుకి నాలుగు పూటలు, ఆకలి తీరేదాకా. "ఇంకో మూడు వారాలు చూస్తాను. అన్నం తిను పానకాలూ, నీకేం కాదు" అని వీపు నిమిరి వెళ్ళింది.

బస్తా బయటికెళ్ళింది. బకెట్ తళతళలాడింది. నాంచారమ్మ పెద్ద కుండతో అన్నం పొయ్యిమీద పెట్టింది. తనకోసం అన్నం ఉడుకుతున్న ఆ వాసనకి పానకాలు నిజంగానే ఏడ్చేశాడు. చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు పెట్టుకుని, బొగ్గు గీతకి అటూ ఇటూ రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు. అన్నం మెత్తగా ఉడికింది. కుండ దిగింది.

"ఆగన్నయ్యా!" అన్నాడు ఏడుకొండలు. "ముందు కాగితం అంటించాలి. అంటించకపోతే రేపు అన్నం పెట్టాలని మాకెట్టా గుర్తుంటది?"

నిజమే. కానీ మైదా లేదు. అందరూ దిగాలుపడిపోయారు. అప్పుడు శేషయ్య మొహం వెలిగింది. "చిన్నప్పుడు అమ్మ కవరు మెతుకులతో అంటించేది కాదూ?"

కాగితానికి నాలుగు మెతుకులు చాలు. కానీ జిగురోళ్ళకి బకెట్‌కి తక్కువ జిగురు చెయ్యడం తెలీదు. అంతే, కుండెడన్నమూ బకెట్లోకి వెళ్ళింది. కర్రతో మెదిపారు, నీళ్ళు పోసి కలిపారు, బ్రష్ ముంచారు. కాగితం గోడకి చక్కగా అంటుకుంది, ఎక్కడా బుడగ లేదు.

పానకాలు ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని, "అన్నం మెత్తగా వండి" అని చదువుకున్నాడు. ఆ తర్వాత బకెట్ వంక చూశాడు. మెల్లిగా చెయ్యి ముంచాడు.

ఏడుకొండలు మణికట్టు పట్టేశాడు. "అన్నయ్యా! నీ నోటికి జిగురు తగలకూడదని డాక్టరమ్మ ఇందాకేగా చెప్పింది!"

పుట్టిన దగ్గర్నుంచీ అంటించిన మాట జవదాటని పానకాలు, ఆ రోజు దాటాడు. తమ్ముడి చెయ్యి విదిలించి, బకెట్‌ని కాళ్ళ మధ్య పెట్టుకుని, గుప్పెడు ఉప్పు చల్లి, రెండు చేతులా తిన్నాడు. నాంచారమ్మ పొట్టమీద గీత చూసి, "దాటింది! దాటింది!" అని అరుస్తూనే ఉంది. అతను అడుగు గీకి, బ్రష్ నాకి, బకెట్ బోర్లించాడు. ఆర్నెల్ల తర్వాత అతనికి ఆకలి తీరింది. నొప్పి రాలేదు.

తమ్ముళ్ళిద్దరూ లబోదిబోమన్నారు. ఏడుకొండలు ఏడుస్తూనే ఒక కాగితం తీసి "అన్నయ్య జిగురు తినరాదు" అని రాశాడు. అంటిద్దామని బకెట్ చూస్తే అందులో చుక్క జిగురు లేదు.

"వదినా, ఇంకో కుండ అన్నం పెట్టు! జిగురు కావాలి!" అని కేకేశాడు.

పానకాలు వేళ్ళు నాక్కుంటూ ఆ కాగితం చూశాడు. "అంత చిన్న కాగితమేంట్రా, నాకు కనపడొద్దూ? సినిమా పోస్టరంత రాయండి" అన్నాడు. ఆ తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఒసే, రెండు కుండలు పెట్టు" అన్నాడు.