ఐదువందల నాణేల మూట

వెనకటికి ఒక రాజ్యంలో, పరీక్షాధికారి ముద్ర లేని వెండి నాణెం చెల్లదని చాటింపు వేశారు. ఆ అధికారి పేరు గజపతయ్య. రుసుము పదింటికి ఒక నాణెం, అదీ ముందే కట్టాలి.

సముద్రపొడ్డున వలలు అల్లే నూకాలు, తమ వాడవాళ్లంతా పడవ కోసం కూడబెట్టిన ఐదువందల నాణేలు మూటగట్టి తెచ్చింది. పడవ ధర సరిగ్గా ఐదువందలు.

"అయ్యా, ఇన్ని ఒక్కసారే తెచ్చాం. కాస్త తగ్గించండి," అని బతిమాలింది.

"మూట పెద్దదైతే నా పనీ పెద్దదే. ఒక్కో నాణెం గీటురాయి మీద గీయాలి, తూచాలి. యాభై కట్టు," అన్నాడు గజపతయ్య.

నూకాలు మూట విప్పింది. ఆయన యాభై లెక్కపెట్టుకుని రాజుగారి పెట్టెలో వేశాడు.

"అయ్యా, వాటిని గీయలేదు, తూచలేదు. చెల్లని నాణేలు ఖజానాలో వేసేశారా?" అంది నూకాలు.

వరుసలో ఉన్న జనం మెడలు చాచి చూశారు. గజపతయ్య తడబడ్డాడు. "ముప్పై ఏళ్ల అనుభవం నాది. మంచివో కావో చూడగానే తెలిసిపోతుంది!"

"అయితే మిగతావీ అలాగే చూసెయ్యండి బాబూ. గీసి తూచే పనికే కదా మీరు రుసుము అడిగింది, చూడ్డానికి కాదు!"

చూడలేదంటే రాజుగారితో తంటా. చూశానంటే రుసుము అడగడానికి నోరు రాదు. గజపతయ్య యాభై నాణేలూ తిరిగిచ్చి, అన్నిటికీ ముద్ర వేశాడు.

పడవ కొనడానికి నూకాలు రేవు వైపు పరుగెత్తింది. ఆమె వెనక నిలబడ్డ నేతగాడు వినయంగా ముందుకొచ్చాడు.

"బాబూ, నావి కూడా ఒకసారి ఊరికే చూస్తారా?"