దిగబెట్టిన చెయ్యి

1967 ఎండాకాలంలో నా చెల్లెలు సుంకమ్మ ఎడమ చెయ్యి మూడోసారి విరిగింది. అదే చెయ్యి, మణికట్టుకు పైన అదే చోట.

అప్పటికి ఆరేళ్ళుగా నేను కుళ్ళాయప్ప తాత దగ్గర ఎముకల వైద్యం నేర్చుకుంటున్నాను. మొదటి రెండుసార్లూ ఆ చేతికి కట్టు కట్టింది నేనే. నా కట్టు మీద నాకు చాలా గర్వం. ఎద్దు కుమ్మినవాడూ చెట్టు మీంచి పడినవాడూ నా కట్టుతో లేచి నడిచారు. సొంత చెల్లెలి చెయ్యి మాత్రం నిలవలేదు.

"తాతా, నా కట్టులో తప్పెక్కడుంది?" అని అడిగాను.

తాత సుంకమ్మ వైపు తిరిగాడు. "ఎట్లా విరిగింది తల్లీ?"

ఆమె నోరు తెరిచేలోగా పక్కనున్న మొగుడు ఓబులేసు అందుకున్నాడు. "బాయి కాడ కాలు జారింది తాతా. దీనికి కళ్ళు నెత్తిన ఉంటాయి."

"మూడుసార్లూ బాయి కాడేనా?"

"పాచి పట్టింది గదా."

"నువ్వెప్పుడూ జారలేదే?"

"నీళ్ళు మోసేది నేనా?" అని ఓబులేసు నవ్వాడు.

నేను నేల చూశాను. వాడు కట్టెతో కొట్టాడని మొదటిసారే సుంకమ్మ నాకు చెప్పింది. అయినా ఎముక అతకగానే, రెండుసార్లూ నేనే దాని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ ఇంట్లో దిగబెట్టి వచ్చాను.

మాది కుండమార్పిడి పెళ్ళి. నా చెల్లెల్ని ఓబులేసుకు ఇచ్చాం, వాడి చెల్లెలు ఈరమ్మను నేను చేసుకున్నాను. సుంకమ్మ మా ఇంట్లో కూర్చుంటే ఈరమ్మ వాళ్ళింటికి పోవాలి. ఈరమ్మ లేకుండా నేను ఉండలేను. ఆ మాట బయటికి చెప్పలేక, "సర్దుకుపోవాలమ్మా" అని చెల్లెలికి బుద్ధులు చెప్పాను. ఊరి పెద్దలూ అదే చెప్పారు. విరిగిన చెయ్యి కళ్ళారా చూసి చెప్పారు, సిగ్గులేనోళ్ళు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తాత సుంకమ్మ చేతిని లాగి, ఎముక సరిచేసి, తనే కట్టు కట్టాడు. ఆమె అరవలేదు. అరవకుండా ఉండడం ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

తర్వాత తాత ఇంకో నాలుగు వెదురు దబ్బలు తీశాడు. గుడ్డను గుడ్డుసొనలో ముంచాడు. ఆ కట్టు ఓబులేసు చేతికేననీ, వాడి పని అయిందనీ లోలోపల సంతోషించాను.

"నీ కుడిచెయ్యి చాపు" అన్నాడు నాతో.

"నా చేతికేమైంది తాతా?"

"ఈ పిల్లను ఏ చేత్తో దిగబెట్టి వచ్చావు?"

మోచేతి నుంచి వేళ్ళ దాకా బిగించి కట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కొట్టింది వాడైతే కట్టు నాకా?" అని అరిచాను.

పందిరి కింద కూర్చున్న రోగులంతా తలలెత్తారు. ఓబులేసు నవ్వు ఆగిపోయింది. వాడు కొట్టాడని నేను పైకి అనడం అదే మొదటిసారి.

"వాడు నా దగ్గర వైద్యం నేర్చుకోవడానికి రాలేదు" అన్నాడు తాత.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "ఏం బావా, నీ చెల్లెల్ని నీ ఇంట్లోనే పెట్టుకుంటావా? అట్లయితే నా చెల్లెల్ని పంపు."

సుంకమ్మ నన్ను ఏమీ అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. వెనక్కి పోవడానికి చెప్పులు వెతుక్కుంటోంది.

"అది మా ఇంటికే వస్తుంది" అన్నాను.

మూడో రోజు ఓబులేసు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చి ఈరమ్మను బండెక్కించాడు. పోతావా, ఉంటావా అని ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వాళ్ళు ఆమెను మళ్ళీ పంపలేదు.