సైన్యాన్ని కదిలించిన కోళ్ళ గూడు

రోమన్ సైన్యం ఒకటి ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుని పదిహేను రోజులుగా కూర్చుని ఉంది. అవతలి ఒడ్డున శత్రువులు. రావలసిన తోడు సైన్యం వచ్చేసింది, కత్తులు నూరడం అయిపోయింది, ఏట్లో నీళ్ళు కూడా మోకాళ్ళ లోతుకు తగ్గాయి. ఇక మిగిలింది ఒక్కటే, కోళ్ళని అడగడం.

నవ్వకండి. ఆ కాలపు రోము వాళ్ళు దేవుణ్ణి అడక్కుండా ఏ పనీ మొదలుపెట్టేవారు కాదు. సభ పెట్టాలన్నా, పెళ్ళి చెయ్యాలన్నా, పక్క దేశం మీద పడాలన్నా ముందు ఏ పిట్ట ఎటు ఎగిరిందో చూసుకోవలసిందే. యుద్ధానికి వెళ్ళే సేనాపతికి ఆకాశం చూస్తూ కూర్చునే తీరిక ఉండదు కాబట్టి, దేవుడి కోళ్ళని ఇనప గూట్లో పెట్టి బండి మీద వెంట తీసుకెళ్ళేవారు. పొద్దున్నే గూటి తలుపు తీసి సంకటి ముద్దలు వేస్తారు. కోళ్ళు ముద్దల మీద పడితే దేవుడు సరేనన్నట్టు, ముట్టకపోతే వద్దన్నట్టు. లక్షణమైన పద్ధతి. పాపం ఆ కోళ్ళనే ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ గూట్లో నాలుగు కోళ్ళు ఉండేవి. అందరిలోకీ పెద్దది ఫుస్కా అనే నల్లకోడి. ఏడేళ్ళలో ముగ్గురు సేనాపతులకి శకునం చెప్పింది. ఇప్పుడు కాళ్ళు లాగుతున్నాయి, ఒక కన్ను సరిగ్గా ఆనదు. ఏ దేవుడి మాటా మొయ్యకుండా ఒక్కరోజు మట్టిలో పొర్లితే చాలనిపిస్తుంది దానికి. కోళ్ళని చూసుకునే లుస్కస్ చెడ్డవాడేం కాదు. కానీ కోళ్ళు తినకపోతే సేనాపతి ముందు అతని తల మీదికి వస్తుంది. అందుకని శకునం అడిగే రోజు దగ్గరపడగానే మేత ఆపేసేవాడు. ఈసారి ఆపి రెండు రోజులైంది.

పొద్దు వాలుతుండగా, లుస్కస్ భోజనానికి వెళ్ళిన సమయం చూసుకుని ఒక నక్క గూటి దగ్గరికొచ్చింది.

"ఏం అత్తా, పస్తేనా?"

"చూస్తూనే ఉన్నావుగా," అంది ఫుస్కా. "ఏం పని మీదొచ్చావో చెప్పి వెళ్ళు. కబుర్లాడే ఓపిక లేదు నాకు."

"దాపరికం దేనికి. ఈ పటాలం వంటశాల వెనకాల ఎంగిళ్ళు పారేసే గుంట ఉందే, పదిహేను రోజులుగా నా పిల్లలు అక్కడే కడుపునిండా తింటున్నారు. రేపు వీళ్ళు ఏరు దాటేస్తే మళ్ళీ మాకు ఎండ్రకాయలే గతి. ఇదిగో, బార్లీ రొట్టెలు తెచ్చాను. ఇప్పుడు మీరు శుభ్రంగా తినండి. రేపు ఆకలి ఉండదు కాబట్టి ముద్ద ముట్టరు. వీళ్ళు కదలరు. రోజూ నేను తెస్తాను, రోజూ మీరు ముట్టకండి. అందరం బాగుంటాం."

రూఫా అనే ఎర్రపెట్ట ఊచల దగ్గరికి పరిగెత్తింది. "ఒప్పుకో అవ్వా. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"ఆగవే," అంది ఫుస్కా. "నాయనా, మా అక్క ఓడల సైన్యంలో ఉండేది. ఓరోజు ఓడ ఊగి, కడుపులో తిప్పి, మేత ముట్టలేదు. తినకపోతే తాగమని ఆ సేనాపతి గూటితో సహా సముద్రంలోకి విసిరేశాడు."

"తర్వాత ఆయనేమయ్యాడు?"

"ఓడిపోయాడు. దేవుణ్ణి ఎగతాళి చేశాడని రోములో శిక్ష కూడా వేశారు."

"మరింకేం. అది తెలిసీ ఈయన మీ జోలికొస్తాడా?"

"ఆయనకి శిక్ష పడితే మా అక్క తేలిందా?"

ఫుస్కా వెనక్కి తిరిగి చూసింది. చిన్నపెట్టలు రెండూ మెడలు వాల్చేసి మూల పడి ఉన్నాయి. వాటిని చూస్తే దాని ప్రాణం ఉసూరుమంది. తినకపోతే ఇవి తెల్లారేదాకా నిలబడేలా లేవు. తిని, రేపు ముద్ద ముట్టకపోతే, విసిరెయ్యడానికి పక్కనే ఏరు ఉండనే ఉంది. నక్క వైపు తిరిగింది.

"సరే, రొట్టెలు లోపలికి తొయ్యి."

"మాటిస్తున్నట్టేనా? రేపు తినరుగా?"

"ఒక్క మెతుకు కూడా మింగం. ఈ వయసులో అబద్ధమాడి ఏం కట్టుకుపోతాను."

నక్క రొట్టెలు తోసేసి తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లారింది. సేనాపతి వచ్చాడు, పూజారి వచ్చాడు. పటాలమంతా దగ్గు కూడా బిగబట్టి నిలబడింది. లుస్కస్ తలుపు తీసి ముద్దలు వేశాడు. కోళ్ళు బయటికొచ్చి, ముద్దల వంక చూసి, ఊరికే నిలబడ్డాయి. లుస్కస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. సేనాపతి కోళ్ళని చూశాడు, తర్వాత ఏటి వైపు చూశాడు. పొదలో నక్క మీసాలు సవరించుకుంది.

రూఫా ఫుస్కా పక్కకి జరిగి అంది, "అవ్వా, గొంతుదాకా ఉంది. ఒక్క ముక్క దిగదు."

"నిన్నెవరు మింగమన్నారే? ముక్కున పట్టుకో, వదిలెయ్."

"మింగలేదని తెలిసిపోదూ?"

"ఏడేళ్ళుగా చూస్తున్నాను. ఆ పూజారి మన నోటి వంక ఏనాడూ చూడలేదు, నేల వంకే చూస్తాడు. ఆత్రానికి నోట్లోంచి రాలిన మెతుకులే ఆయనకి శకునం. ఎంత రాలితే అంత శుభం. కానివ్వండి."

నాలుగూ ముద్దల మీద పడ్డాయి. ఆకలితో ఉన్న కోళ్ళయితే ఏవో నాలుగు మెతుకులు రాల్చేవి. ఇవి కడుపు నిండినవి, పట్టిందల్లా వదిలేశాయి. నేలంతా సంకటి తెల్లగా పరుచుకుంది. పూజారి ఇంతటి శకునం తన జన్మలో చూడలేదని చేతులెత్తి దండం పెట్టాడు. కొమ్ములు ఊదారు. మధ్యాహ్నానికల్లా గుడారాలు పీకేశారు, వంటల గుంట మీద మట్టి కప్పేశారు.

ఏట్లోకి దిగుతున్న బండి పక్కనే నక్క పరిగెత్తింది. "మాట తప్పావు కదా అత్తా."

"ఎక్కడ తప్పాను? ఒక్క మెతుకు మింగితే చెప్పు."

నక్క కాసేపు నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చి, ఆయాసపడుతూ అడిగింది. "పోనీ ఇదన్నా చెప్పు. దేవుడు నిజంగా దాటమన్నాడా?"

"నాతో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు నాయనా," అంది ఫుస్కా. నీళ్ళలోకి దిగుతున్న కుర్ర సిపాయిల్ని చూస్తే దానికి దిగులేసింది. "వీళ్ళలో ఎందరు తిరిగొస్తారో కూడా నాకు తెలీదు. నా పిల్లల్ని ఇవాళ్టికి బతికించుకున్నాను, అంతే."

నక్క వెనక్కి తిరిగి తన ఒడ్డుకే చేరింది. అక్కడ దాని పిల్లలు అప్పటికే బురదలో ఎండ్రకాయల బొరియలు తవ్వుతున్నాయి.

బండి అవతలి ఒడ్డు ఎక్కాక సేనాపతి గుర్రాన్ని దగ్గరికి తెచ్చి లుస్కస్ భుజం తట్టాడు. "ఇంత గొప్ప శకునం ఎలా వచ్చిందయ్యా?"

"రెండు రోజులు మేత ఆపాను దొరా," అన్నాడు లుస్కస్ పొంగిపోతూ.

"అయితే వచ్చేసారి నాలుగు రోజులు ఆపు."

ఫుస్కా ఆ మాట విని, రూఫాకి వినపడలేదని నిర్ధారించుకుని, కళ్ళు మూసుకుంది.

శకునం ఎవరి గెలుపుకి పలికినా, పస్తు మాత్రం గూట్లో ఉన్నవాళ్ళకే.