కరిచిన బుడంకాయ

అనగనగా ఒక రాజు. రాజంటే అలాంటిలాంటి రాజా! చంపకపురిలో ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో తాటికాయలు రాలేవి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏనుగును చంకన పెట్టుకుని షికారు వెళ్ళేవాడు. రెండోవాడు బాణం వేస్తే అది పొద్దున పోయి సాయంత్రానికి చేపను పట్టుకొచ్చేది. మూడోవాడు సునందుడు. వాడి దగ్గర ఒక ఎలుక ఉండేది.

నవ్వకండర్రా, ఆ ఎలుక సంగతి వినండి. మొదటి పాలపన్ను ఊడినప్పుడు సునందుడు మీలాగే దాన్ని ఇంటికప్పు మీదికి విసిరి, "ఎలుకా ఎలుకా, నా పన్ను తీసుకో, నీ పన్ను నాకియ్యి" అన్నాడు. చూరులోంచి బుడంకాయంత ఎలుక దిగొచ్చి వాడి ఒళ్ళో కూచుంది. దాని పేరు బుడంకాయే అయింది. సునందుడికి మీసాలొచ్చినా వాడి తలపాగాలోనే పడుకునేది. ఎలుక అన్నేళ్ళు బతుకుతుందా అని అడిగినవాడికి కథ చెప్పను, అంతే!

అలాంటి బుడంకాయ ఒకనాడు ఉన్నట్టుండి సునందుడి వేలు కరిచింది. వెన్న పెడితే వాసన చూసి మూల చేరింది. బొచ్చు నిక్కబొడుచుకుంది. మూతి తడి ఆరడం లేదు. ఏమైందోనని వంగి చూసిన రాజుగారి బొటనవేలినీ పట్టేసింది.

రాజుగారికి అసలే వారం నుంచి ముక్కుమీద కోపం. చెంపకు చెయ్యి ఆనించుకునే కొలువు తీరుస్తున్నాడు. "పులుల మీసాలు పీకిన వేలురా ఇది! దాన్ని పిల్లికి వెయ్యండి!" అని గర్జించాడు.

"దయ్యం పట్టింది" అన్నాడు పెద్దవాడు.

"కాదు, సప్తసముద్రాల అవతలి కరాళ మాంత్రికుడి చేతబడి" అన్నాడు రెండోవాడు.

సునందుడు బుడంకాయను ఉత్తరీయంలో చుట్టుకున్నాడు. లోపల దాని గుండె టపటపా కొట్టుకుంటోంది. "నాన్నగారూ, నిన్నటిదాకా నా చెవి పక్కన నిద్రపోయినవాడు ఇవాళ కరిచాడంటే వాడికేదో అయింది. అదేమిటో తెలుసుకొస్తాను."

"సరే, అమావాస్యలోగా సాధువును చేసి తీసుకురా. లేకపోతే పిల్లికే!"

బయలుదేరాడు సునందుడు. మొదటి సముద్రం ఈదాడు. రెండోది తిమింగలం వీపు మీద దాటాడు. మూడోది అడ్డమొస్తే తాగేశాడు. మిగతా నాలుగూ అది చూసి వాటంతటవే దారిచ్చాయి. అవతల కరాళుడి కోట. వాకిట్లో వాడి కూతురు సారంగి చిన్న ఆకురాయితో ఒక చిలుక ముక్కు అరగదీస్తోంది. కరాళుడి ప్రాణం ఆ చిలుకలోనే ఉందని లోకమంతటికీ తెలుసు. సునందుడు లటుక్కున చిలుక మెడ పట్టుకున్నాడు.

"కరాళా! నా బుడంకాయకు పెట్టిన చేతబడి తియ్!"

కరాళుడు తన మెడ పట్టుకుని గిలగిల్లాడుతూ వచ్చాడు. "బాబోయ్! రాజుల్ని రాళ్ళు చెయ్యడానికే తీరిక లేక చస్తున్నాను, ఎలుకలకు చేతబడా?"

అప్పుడు చిలుక అంది: "నొక్కకు నాయనా, నొప్పి. మాటలొచ్చు గనక చెబుతున్నాను. రాకపోతే కరిచేదాన్ని."

సునందుడి చెయ్యి దానంతటదే వదులైంది. కళ్ళు చెమర్చాయి. "అయితే మావాడు..."

"ఎప్పుడు కరుస్తాడు?"

"మూతి దగ్గర చెయ్యి పెడితే."

"ఆకలి లేదా?"

"ఉంది. తిండి దగ్గరికొస్తాడు, తినలేక పోతాడు."

"ఏం పెడతావేమిటి?"

"వెన్న, జున్ను, పాయసం. గట్టిది ఒక్కటి కూడా పెట్టను! వాడంటే నాకు ప్రాణం."

చిలుక పకపకా నవ్వింది. "ఊడిన పన్ను కాకికివ్వకుండా ఎలుకకే ఎందుకిస్తారో ఎప్పుడైనా ఆలోచించావా, రాకుమారా? ఎలుక పన్ను పెరగడం ఆగదు గనక! కొరకడానికి గట్టిది లేకపోతే అది ఎక్కడికి పోతుంది?"

సునందుడు నోరెళ్ళబెట్టాడు. సారంగి మెల్లగా బుడంకాయ నోరు తెరిచింది. కింది పన్ను కొడవలిలా వంగి అంగిట్లో దిగి ఉంది.

"అయ్యో తండ్రీ, ఇంత నొప్పి ఎలా ఓర్చుకున్నావురా!" అంటూ సారంగి పన్ను కత్తిరించి, ఆకురాయితో నునుపు చేసింది. "పుండు మానేదాకా పాయసమే పెట్టండి. మానాక కొబ్బరిచిప్ప వెయ్యండి" అని చెప్పింది.

బుడంకాయ ఆమె వేలు నాకి, సునందుడి తలపాగాలోకి ఎగబాకి ముడుచుకు పడుకుంది. మెడ విరవకుండా వదిలినందుకు కరాళుడు గాలిపడవ ఇచ్చాడు. సారంగి జీవితాంతం తోడు వస్తానంది. తండ్రి వద్దనలేదు.

అమావాస్యనాటికి కొలువులో దిగారు. రాజుగారు భయంభయంగా వేలు చాచాడు. బుడంకాయ దాన్ని నాకి, మీసాలు తుడుచుకుంది. పిల్లి ఆవలించి వెళ్ళిపోయింది.

"మరి నన్నెందుకు కరిచింది?" అని గర్జించబోయి రాజుగారు చెంప పట్టుకున్నాడు.

సారంగి ఆయన్ను తేరిపార చూసింది. "మామగారూ, తమరికి ఎక్కడ నొప్పి?"

పులుల మీసాలు పీకిన మహారాజు పసివాడిలా నోరు తెరిచాడు. వెనక దవడలో పుచ్చిపోయిన పన్ను ఊగుతోంది. సారంగి ఒక్క పట్టుతో ఊడపెరికింది.

ఏడు రోజుల పెళ్ళి ఏడూళ్ళకు వినిపించింది. సునందుడూ సారంగీ నూరేళ్ళు రాజ్యమేలారు. వాళ్ళ రాజ్యంలో ఎవరు కసిరినా, ఏది కరిచినా, ముందు "ఎక్కడ నొప్పి?" అని అడిగాకే తీర్పు.

మరి రాజుగారి పన్నో? ఆయనే స్వయంగా కప్పు మీదికి విసిరి, సిగ్గుపడుతూ "ఎలుకా ఎలుకా" అన్నాడు. ఆ కథ కంచికి పోనంది. బుడంకాయతో కలిసి కొబ్బరిచిప్ప కొరుక్కుంటూ ఆ చూరులోనే ఉండిపోయింది.