ముత్తెమ్మ ఖాళీ చేసిన కుంట

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, జంతువుల పట్నం ఒకటి ఉండేది. నవ్వకండి పిల్లలూ, నిజంగా పట్నమే. వీధులున్నాయి, అంగళ్లున్నాయి, పెత్తనం చేసే పెద్దలూ ఉన్నారు. లేనిదల్లా వానాకాలంలో పొడి నేల. ఏటా వాగు పొంగేది, పల్లపు వీధి మునిగేది.

ఆ వీధి చివర ముత్తెమ్మ అనే పందికొక్కు కాపురం ఉండేది. కిందటేడు వరదకి ఆమె పిల్లలు ముగ్గురూ కొట్టుకుపోబోయి, ఒక కొమ్మ పట్టుకుని బతికి బయటపడ్డారు. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, ముత్తెమ్మకి గుండె దడ.

ఒకరోజు పట్నం పెద్ద భూషయ్య అందరినీ పిలిచాడు. ఆయన ఎలుగుబంటి. పక్కన ఏనుగు మేస్త్రి నిలబడి ఉన్నాడు.

"పట్నం చుట్టూ రాతిగోడ కట్టిద్దాం. మేస్త్రిగారికి మూడేళ్ల గింజలు కూలి," అన్నాడు భూషయ్య.

"మూడేళ్లూ మనమేం తినాలి?" అంది కుందేలు.

"గోడ చూసుకుంటూ కూర్చో, ఆకలెయ్యదు," అంది ఉడుత.

ముత్తెమ్మ ముందుకొచ్చింది. "పెద్దయ్యా, చిన్న మాట. మేం పందికొక్కులం ఒకే దారితో బొరియ తవ్వం. నీళ్లొస్తే అవి బయటికి పోయే దారి కూడా ఉండాలి," అంది. ఒక ఆకు మీద మట్టితో చుట్టూ గట్టు పెట్టి, నత్తగుల్లతో నీళ్లు పోసింది. "వాగు లోపలికి రాదు, సరే. మరి పైన పడే వాన ఎటు పోతుంది?"

నీళ్లు గట్టులోపలే నిలిచాయి.

"నిజమే, తూములు పెట్టాలి. దానికింకో ఏడాది గింజలవుతాయి," అన్నాడు మేస్త్రి నిమ్మళంగా.

భూషయ్య తల పట్టుకున్నాడు. "నువ్వేమంటావు మరి?"

"మూడు పనులు చేద్దాం పెద్దయ్యా. ఊడ్చిన చెత్తంతా తెచ్చి పాత కాలువలో పోస్తున్నాం, ఆ కాలువ మళ్లీ తవ్వుకుందాం. ఎగువన కొంగని కాపలా పెడదాం, నీళ్లు పెరిగితే ముందే కేకేస్తుంది. ఇక మూడోది, పాత కుంట ఖాళీ చెయ్యాలి. మా తాత రోజుల్లో వరదంతా అందులోకే పోయేదట. దాన్ని పూడ్చేశాం. మీ తేనె కొట్టు కూడా దానిమీదే ఉంది."

భూషయ్య మొహం మాడిపోయింది. "నా కొట్టు సంగతి సరే. నీ ఇల్లెక్కడుంది ముత్తెమ్మా?"

పల్లపు వీధి సగం ఆ కుంటలోనే ఉంది. ముత్తెమ్మ ఇల్లూ అందులోనే! అది పెనిమిటి పోయేముందు తవ్వి ఇచ్చిన ఇల్లు. ఇంకొకరి కొట్టు తియ్యమనడం తేలికే. మన గడప దాకా వచ్చేసరికే ప్రాణం ఉసూరుమంటుంది. ఆమె పిల్లల వంక చూసింది.

"సరే పెద్దయ్యా. ముందు నా ఇల్లే తీస్తాను. మిట్ట మీద కాస్త చోటు చూపించండి," అంది.

మర్నాడు పొద్దున్నే గడ్డి పరకలు నోట కరుచుకుని మిట్టెక్కసాగింది. అది చూసి భూషయ్యకి సిగ్గేసింది. తేనె కుండలు తనే మోసుకెళ్లాడు. ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ముళ్లపందులు, ముంగిసలు కాలువా, పూడిన కుంటా తవ్వాయి. మేస్త్రి అడ్డమొచ్చిన మొద్దులు లాగేశాడు. ఆయనకిచ్చిన కూలి ఒక్క గాదె గింజలు.

శ్రావణంలో కొంగ కేకేసింది. అందరూ పిల్లాజెల్లాతో మిట్టెక్కారు. వాగు గట్లు ఒరుసుకుంటూ వచ్చింది, కాలువలో పడింది, కుంటలోకి వెళ్లి అక్కడే సద్దుమణిగింది. కాపురమున్న గడప ఒక్కటీ తడవలేదు.

"అమ్మా, మన పాతిల్లున్న చోటు మునిగిపోయింది," అని చిన్నది ఏడుపు మొహం పెట్టింది.

ముత్తెమ్మకీ కళ్లు చెమర్చాయి. "మునగనీ తల్లీ. మనం అందులో లేం కదా," అని ముగ్గురినీ దగ్గరకు తీసుకుని, తలా నాలుగు గింజలు పెట్టింది.

నీతి: నీళ్లకి గోడ కట్టడం కంటే ముందు వాటి దారి వాటికి వదలాలి; ఆ వదలడం మన గడప నుంచే మొదలవ్వాలి.