సున్నం పడే వైపు

మంచు కరిగాక ఆర్చీ గెడ్డిస్ శ్మశానానికి వెళ్ళి చూస్తే, కొడుకు పేరు మళ్ళీ ఊడిపోయి ఉంది.

ఊడిపోవడమంటే ఏదో ఒక అక్షరం చెదరడం కాదు. రాయి ముఖం మొత్తం పెనం మీద అట్టు లేచినట్టు లేచి, పెచ్చులై గడ్డిలో పడుంది. తాత ఫిన్లే పేరు సగం పెచ్చు మీద, సగం రాయి మీద. నాన్న గ్రెగర్ పేరు పొడిపొడి. కొడుకు ఈవన్ పేరు ఉండాల్సిన చోట చెయ్యి పెడితే వేళ్ళకి ఇసుక అంటుకుంది.

ఇది మొదటిసారేం కాదు. ఏటా వేసవిలో ఆర్చీ ఆ రాయిని నునుపు చేసి అవే పేర్లు మళ్ళీ చెక్కుతాడు. ఏటా చలికాలం వాటిని ఊడబెరుకుతుంది. రాయి ఏటికేడు పల్చబడుతోంది.

పేరు పోతే మళ్ళీ చెక్కుకోవచ్చు, దానికింత బాధ ఎందుకంటారా? ఈ గెడ్డిస్ వాళ్ళ కథ కాస్త చెప్పాలి.

వాళ్ళది స్కాట్లాండు. ఎండ కాస్తే పనులు మానేసి బయటికొచ్చి ఆకాశం కేసి చూసే దేశం. తాతల నాటి నుంచీ రాతిపని. అక్కడ పనులు పడిపోయి ఇల్లు గడవక, గ్రెగర్ పిల్లవాడైన ఆర్చీని వెంటబెట్టుకుని కెనడా ఓడ ఎక్కాడు. ఓడలో జ్వరాలు తగిలాయి. గ్రెగర్‌ని గుడ్డలో చుట్టి సముద్రంలోకి జారవిడిచారు. ఆర్చీ రేవులో దిగేటప్పటికి వాడికి మిగిలింది తండ్రి ఉలుల సంచీ ఒక్కటే.

ఆ రేవులోనే టారెన్స్ మేస్త్రి కంట్లో పడ్డాడు. ఆయనా ఆ దేశం వాడే. సంచీ విప్పించి, ఒక ఉలి తీసి మొన చూశాడు.

"ఎవడు సాన పట్టాడురా ఇది?"

"మా నాన్న."

"నువ్వేం చేసేవాడివి?"

"రాయి కదలకుండా పట్టుకునేవాణ్ణి."

"అయితే రా. నాకూ పట్టుకునేవాడు కావాలి."

అంతే. పని నేర్పాడు, పెళ్ళి చేశాడు, ఇల్లు కట్టుకోవడానికి చోటు చూపించాడు.

ఆ దేశపు రాతిమేస్త్రులకి ఒక ఆచారం ఉంది. ప్రతివాడికీ ఒక గుర్తు. తను చెక్కిన రాయి మీద ఆ గుర్తు వేస్తాడు. కొడుకు పని నేర్చి చేతికొచ్చాక తండ్రి గుర్తుకి తనదో గీత కలుపుకుంటాడు. ఫిన్లేది నిలువు గీత. గ్రెగర్ దానికి అడ్డగీత కలిపాడు. ఆర్చీ ఏటవాలుగా ఒకటి. ఈవన్ తన గీత ఎటు గీయాలా అని బల్ల మీద బొగ్గుతో గీసి చూసుకుంటూ ఉండేవాడు.

గీయకుండానే పోయాడు. రాళ్ళ గని నది అవతల. వంతెన లేదు. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే గుర్రం చేత జారుడుబండి లాగించి రాళ్ళు తెచ్చేవాళ్ళు. చలి వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ఈవన్ కాళ్ళ కింద మంచు పగిలింది. దిగువన గుర్రం దొరికింది. ఈవన్ దొరకలేదు.

అదీ సంగతి. తాత సముద్రానికి అవతల, తండ్రి సముద్రంలో, కొడుకు నదిలో. గెడ్డిస్ వాళ్ళందరూ ఒకచోట ఉన్నది ఆ రాయి మీదే. రాయి కింద ఎవరూ లేరు.

ఆర్చీ ఒక పెచ్చు కోటులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. పొయ్యి దగ్గర అతని భార్య ఎల్స్పెత్ ఓట్స్ జావ కలుపుతోంది. మొగుడి మొహం చూడగానే అర్థమైపోయింది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

"వదిలెయ్యరాదూ. రాయి చూస్తేగానీ వాడు గుర్తు రాడా మనకి?"

"మనకి సరే. మనం పోయాక?"

జావ అడుగంటుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ కదల్లేదు.

మర్నాడు ఆర్చీ నది ఒడ్డుకి వెళ్ళాడు. ఈవన్ పోయాకే ఊరివాళ్ళు కళ్ళు తెరిచి వంతెన మొదలెట్టారు. రాతిపనికి పెద్ద టారెన్స్ మేస్త్రే. నడుం వంగింది, పళ్ళు సగం ఊడాయి, నోరు మాత్రం తగ్గలేదు. రాళ్ళెత్తే మెక్‌ఫెయిల్ ఆర్చీని దూరం నుంచే చూశాడు.

"ఏం ఆర్చీ, నీ రాయి ఈ ఏడు కూడా గడ్డం గీయించుకుందా?"

ఆర్చీ కోటులోంచి పెచ్చు తీసి చూపించాడు. దాని మీద ఈవన్ పేరులోని ఒక్క అక్షరం. మెక్‌ఫెయిల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, అటు తిరిగి పనిలో పడ్డాడు.

"నాకో నల్లరాయి ఇప్పించండి మేస్త్రీ," అన్నాడు ఆర్చీ.

"దేనికి?"

"ఊడిపోకుండా ఉండేందుకు. తాతముత్తాతల నుంచీ రాయి తప్ప ఇంకోటి ఎరగని వంశం మాది. ఒక్క చలికి నిలబడ్డం లేదు."

టారెన్స్ పెచ్చు తీసుకుని అంచు మీద గోరుతో గీశాడు. "దీన్నెలా నిలబెట్టావురా?"

"అందరూ నిలబెట్టినట్టే."

"పొరలు ఎటున్నాయి?"

ఆర్చీ పెచ్చు అంచు కేసి చూశాడు.

ఇసుకరాయి భూమిలో పొరలు పొరలుగా పడుకుని ఉంటుంది, పూతరేకు మడతల్లాగా. గోడలోనూ దాన్ని అలాగే పడుకోబెట్టాలి. నిలబెడితే మడతల మధ్యకి నీళ్ళు దిగుతాయి. ఆ నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే పొర లేచిపోతుంది. టారెన్స్ దగ్గర చేరినరోజు నేర్చుకున్న పాఠమే అది. గోడల్లో ఏనాడూ తప్పని ఆర్చీ కొడుకు రాయి దగ్గర తప్పాడు. పేర్లన్నీ పట్టేంత వెడల్పు కావాలనుకున్నాడు. ఆ వెడల్పు పొర మీదే దొరికింది, ఆ పొరనే నిలబెట్టాడు.

"తెలిసే నిలబెట్టావా?"

"ఏమో మేస్త్రీ. వాడి పేరు అందరికీ కనబడాలనుకున్నాను. ఇంకేదీ తోచలేదు."

టారెన్స్ పెచ్చు తిరిగి అతని చేతిలో పెట్టాడు. తర్వాత, "బండి కట్టు," అన్నాడు.

ఇద్దరూ శ్మశానానికి వెళ్ళారు. గునపాలేసి రాయిని పెకిలించి బండెక్కించారు. పాతది తీసేసి నల్లరాయి పెట్టిస్తాడు కాబోలనుకున్నాడు ఆర్చీ. బండి తిన్నగా వంతెన దగ్గరికే వచ్చింది. ఒడ్డున స్తంభం మోకాలెత్తు లేచి ఉంది. లోపలి వరసలో ఒక రాయి పట్టేంత ఖాళీ. బండిని దాని పక్కన ఆపించి, టారెన్స్ చేత్తో చూపించాడు.

"ఇందులో పడుకోబెట్టు."

ఆర్చీకి ఒక్కసారి ఒళ్ళు మండింది. "ఇందులో పెడితే ఎవడికి కనబడుతుంది మేస్త్రీ? నేనడిగిందేమిటి, మీరు చేస్తున్నదేమిటి? నాకు మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా పూడ్చెయ్యమంటారా?"

మెక్‌ఫెయిల్ చేతిలో పార ఆగిపోయింది.

"మీ నాన్న తన గుర్తు ఏ వైపు వేసేవాడురా?" అని అడిగాడు టారెన్స్.

ఆర్చీ బండి మీది రాయి కేసి తిరిగాడు.

"నిన్నే."

"సున్నం పడే వైపు. గోడ లేస్తే ఇక కనబడదు."

"మీ తాతో?"

"ఆయనా అంతే."

టారెన్స్ బండెక్కి, రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో దాని అంచులు పట్టుకున్నాడు.

"నేను పట్టుకుంటాలే. నువ్వు చెక్కు."

నది మోత వినబడుతోంది. ఆర్చీ సంచీలోంచి తండ్రి ఉలి తీశాడు. పేర్లున్న ముఖం వదిలి రాయిని తిరగేశాడు. నిలువు గీత చెక్కాడు. అడ్డగీత. ఏటవాలు గీత. అక్కడ ఆగిపోయాడు. బల్ల మీది బొగ్గు గీతల్లో ఏది ఖాయం చేసుకున్నాడో వాడు చెప్పనేలేదు. కాసేపటికి, చివర కొంచెం కిందికి వంగేట్టు ఒకటి గీశాడు. ఐదోది గీసేవాడు లేడు. ఆ సంగతి ఉలికీ తెలిసినట్టే, ఆ నాలుగో గీత పక్కన మొన ఊరికే ఆగిపోయింది.

తాపీ తీసుకుని స్తంభం ఖాళీలో సున్నం పరిచాడు. ముగ్గురూ కలిసి రాయిని దించారు. గుర్తు కిందికి పోయింది. ఊడగా మిగిలిన పేర్ల గరుకు పైన ఉండిపోయింది. ఆర్చీ దాన్ని అరచేత్తో తడిమి, దాని మీద కూడా సున్నం వేశాడు. నెమ్మదిగా, ఒక్క చోటా వదలకుండా. ఈవన్ పేరు ఉన్నచోట తాపీ రెండుసార్లు తిప్పాడు.

తర్వాత ఏం చెయ్యాలో తెలియనివాడిలా నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకుంటే చెంపలకి సున్నం అంటింది.

టారెన్స్ పెద్ద రాయి ఒకటి దొర్లించుకొచ్చి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస ఆర్చీ వైపు తిప్పాడు.

"సున్నం ఆరిపోకముందే దాని మీద బరువు పెట్టు."