గవుసెన లేని వీణ

మా వీణ గురువుగారు కామేశ్వరమ్మగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. రాగం సంగతి అడిగినవాళ్ల చేత కొబ్బరి కోరించిన రోజులున్నాయి. మాకు విసుగొచ్చేది, దాచడమెందుకు. పచ్చడి మాత్రం బాగుండేది.

ఒక ఆదివారం పొద్దున, మా అందరిలోకీ బాగా వాయించే సంహిత, గురువుగారు తనకిచ్చిన బొబ్బిలి వీణను తిరిగి తెచ్చేసింది. ఇరవై రెండేళ్ల పిల్ల, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. తను వాయించిన వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టిందట. మెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది. ముక్కూమొహం తెలియనివాడెవడో మాత్రం "ఇది వాయించడమా, కట్టెలు కొట్టడమా" అని రాశాడు. అప్పట్నుంచి ముద్ద దిగదు, నిద్ర పట్టదు. ఇంకెవరేమన్నారోనని ఫోన్ చూడకుండా క్షణం ఉండలేదు. వీణ ముట్టుకుంటే చేతులు వణుకుతున్నాయట.

"ఎవడో ఒక్క మాటంటే ఇంత వణికిపోతున్నాను. నా మనసే పాడైపోయిందా గురువుగారూ? ఈ వీణ ఇంక నాకొద్దండీ," అంది.

గురువుగారు వీణకేసి చూశారు. "దీని గవుసెన ఏదమ్మా?"

గవుసెనంటే వీణకి తొడిగే దళసరి గుడ్డ. వీడియోల్లో వెనకాల వీణ అందంగా కనబడుతుందని ఆ గుడ్డ ఎప్పుడో తీసేశానని సంహిత తలొంచుకుని చెప్పింది. ఇవాళ చీవాట్లు ఖాయమనుకున్నాం. ఆవిడ మాత్రం "సరే, శ్రుతి చేసి ఇచ్చి వెళ్లు," అన్నారంతే.

పాపం, అలాగే శ్రుతి చేసింది. చేశాక ఒళ్లో ఉన్న ఫోన్ తీసి చూసుకుని, కళ్లు తుడుచుకోవడానికని దాన్ని వీణ గుండ్రటి కుండ మీద పెట్టింది. మా దగ్గర అంతకన్నా అపచారం లేదు. మేమంతా గురువుగారి మొహం చూశాం. అంతలో ఫోన్ గుర్రుమని అదిరింది. దాంతోపాటు వీణ కూడా సన్నగా మోగింది. తీగ ఎవరూ మీటలేదు.

"దీనికేమైందండీ?" అంది సంహిత బెదిరిపోయి.

"ఏమీ కాలేదు. మంచి తీగలు, శ్రుతిలో ఉన్నాయి, పలికాయి. తుప్పు పట్టినవైతే ఏ మోతకీ ఉలకవు."

గురువుగారు లోపలికెళ్లి తన పాత నేత చీర తెచ్చి, మడతలు పెట్టి తీగల మీద కప్పారు. ఫోన్ మళ్లీ గుర్రుమంది. ఈసారి వీణ ఊరుకుంది. ఫోన్ వైపు వెళ్లబోయిన సంహిత చెయ్యి ఆ చీర మీదే ఆగిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ ఆ పిల్ల జుట్టు నిమురుతూ కూర్చున్నారు. మాకూ ఏడుపొచ్చింది.

చాలాసేపటికి సంహిత తలెత్తి, "ఎన్నాళ్లు కప్పి ఉంచాలండీ?" అని అడిగింది.

"నీకు వాయించాలనిపించేదాకా," అన్నారు గురువుగారు. "ముందు లేచి కొబ్బరి కోరు."